రోబో నవ్వితే ఎవరికి భయం?



పోయిన భాగంలో మన సినిమాల్లో పనిమనిషి పాత్రలకి రాసే డైలాగుల గురించి చెప్పుకున్నాం. చివర్లో "వచ్చే వారం రోబోల సంగతి" అన్నాను. వెంటనే ఇన్‌బాక్సులో ఒక తమ్ముడు అడిగాడు: "అక్కా, మనకి ఇన్ని గొడవలుండగా ఈ రోబోల సోది దేనికి? అది కడుపు నిండినోళ్ల కాలక్షేపం కదా?"

తమ్ముడూ, ఆ మాట ఎక్కడ పుట్టిందో తెలిస్తే ఇది మన ఇంటి సంగతేనని నువ్వే అంటావు. రోబో అనే మాట వెట్టి అనే మాటకి దగ్గరి చుట్టం.

1920లో కారెల్ చాపెక్ అనే చెక్ రచయిత 'ఆర్.యు.ఆర్.' అని ఒక నాటకం రాశాడు. మరుసటి ఏడాది జనవరిలో ప్రాగ్‌లో ఆడారు. ఒక ఫ్యాక్టరీ, మనుషుల్లాగే ఉండి మనుషులకన్నా చవగ్గా పనిచేసే జీవుల్ని తయారుచేసి దేశదేశాలకి అమ్ముతుంది. వాటికి ఏం పేరు పెట్టాలా అని చాపెక్ తంటాలు పడుతుంటే, వాళ్లన్న జోసెఫ్ 'రోబోట్' అనమన్నాడు. చెక్ భాషలో 'రోబోత' అంటే జమీందారు పొలంలో పల్లెటూరి జనం కూలి లేకుండా విధిగా చేసి తీరాల్సిన చాకిరీ. ఆస్ట్రియా సామ్రాజ్యంలో 1848లో ఆ చాకిరీని రద్దు చేశారు. చాకిరీ పోయింది, మాట మిగిలింది. మన దగ్గర రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. మన దగ్గర మాటా మిగిలింది, కొన్నిచోట్ల చాకిరీ కూడా మిగిలింది.

అదే 1920, జనవరి 31న, బాబాసాహెబ్ బొంబాయిలో 'మూక్‌నాయక్' పత్రిక మొదలుపెట్టారు. మూక్‌నాయక్ అంటే మూగవాళ్ల నాయకుడు. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. కానీ నాకు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడటం ఇష్టం. ఒకచోట ఒకాయన చాకిరీ చేసేవాళ్లకి పేరు పెడుతున్నాడు. ఇంకోచోట ఇంకొకాయన చాకిరీ చేసేవాళ్లకి నోరు ఇస్తున్నాడు.

ఇవాళ్టి మాటంతా ఆ నోటి గురించే. రోబో కథల్లో తుపాకులు, యుద్ధాలు అందరూ చూస్తారు. నేను చూసేది వేరు. ఎవరు ఎవర్ని ఎట్లా పిలుస్తున్నారు? ఎవరు జోకు వేస్తున్నారు? ఎవరు నవ్వుతున్నారు? ఆ నవ్వుకి ఖరీదు ఎవరు కడుతున్నారు?

చాపెక్ నాటకం మొదలయ్యేదే నవ్వులాటతో. హెలెనా అనే అమ్మాయి రోబోల హక్కుల కోసం ఆ ఫ్యాక్టరీకి వస్తుంది. అక్కడున్న ఆడ రోబోని చూసి మనిషే అనుకుంటుంది. కాదు మొర్రో అన్నా నమ్మదు. తర్వాత ఫ్యాక్టరీ డైరెక్టర్లు లోపలికొస్తే వాళ్లని రోబోలనుకుని, మీరు అణగారిపోయారు, మీకు అండగా నిలబడతాం అని వాళ్లకే ఉపన్యాసం ఇస్తుంది. హాలంతా నవ్వే ఘట్టం. మన కాలనీలకి వచ్చి, ఎవరు ఎవరో కనుక్కోకుండానే మైకు అందుకునే పెద్దమనుషులు నాకు గుర్తొచ్చారు. మీకూ గుర్తొచ్చే ఉంటారు.

అదే నాటకంలో రోబోలు తిరగబడి మనుషుల్ని చంపేస్తాయి. ఒక్కణ్ణి వదిలేస్తాయి. ఆయన పేరు అల్క్విస్ట్. ఎందుకు వదిలేశాయంటే, ఆయన కూడా రోబోల్లాగే చేతులతో పనిచేస్తాడు, గోడలు కడతాడు. డబ్బున్నోడూ, తెలివైనోడూ, చివరికి వాళ్లని పుట్టించినోడూ పోయి, తాపీ పట్టిన మనిషి మిగిలాడు. చివరి అంకంలో ఆ ముసలాయన నిద్రపోతుంటే పక్కన ఒక ఆడ రోబో నవ్వుతుంది. ఆ నవ్వుకి ఉలిక్కిపడి లేస్తాడు. మళ్లీ మనుషులొచ్చారా అనుకుంటాడు. చూశారా! రోబో అనే మాట పుట్టిన నాటకంలోనే, మనిషి అనేదానికి గుర్తు నవ్వు.

ఇక ఐజాక్ అసిమోవ్ దగ్గరికి వద్దాం. 'రన్‌ఎరౌండ్' అనే కథలో (1942) పాతకాలపు మాట్లాడే రోబోలుంటాయి. అడుగు తీసి అడుగు వేయాలంటే వాటి భుజాలమీద మనిషి ఎక్కి కూర్చోవాలి. ప్రతి మాటకీ 'మాస్టర్' అంటాయి. ఎందుకంటే మాట్లాడే రోబోల్ని చూసి జనం భయపడ్డారు. నిషేధం పడుతుందేమోనని కంపెనీవాళ్లు కావాలనే వాటిలో బానిస బుద్ధిని పెట్టి తయారుచేశారు. జాగ్రత్తగా గమనించండి. వాటి బలానికి భయపడి కాదు, వాటి మాటకి భయపడి. బరువులెత్తే చెయ్యి ఎవరినీ భయపెట్టదు. ఆ చేతికి ఒక నోరుంది అని తెలిసినప్పుడే భయం.

మనకిది కొత్తా? 1985లో కారంచేడులో గొడవ దేనితో మొదలైంది? మేం తాగే నీళ్లు మురికి చెయ్యొద్దన్న మాటతో. ఒక మాదిగ ఆడమనిషి ఎదురు నిలబడి బిందె ఎత్తిన దగ్గర్నుంచి. దానికి ఆరుగురి ప్రాణాలు తీశారు.

అసిమోవ్‌దే ఇంకో కథ, 'లిటిల్ లాస్ట్ రోబోట్' (1947). పని ఒత్తిడిలో ఉన్న ఒకాయన, మాటిమాటికీ వచ్చి విసిగిస్తున్న రోబోని బూతులు తిట్టి, కనబడకుండా పొమ్మంటాడు. అది ఆజ్ఞ కదా! రోబో వెళ్లి అచ్చం తనలాగే ఉన్న ఇంకో అరవై రెండు రోబోల మధ్యలో నిలబడుతుంది. ఇక ఎవరికీ దొరకదు. పెద్దపెద్ద ఆఫీసర్లు, రోబోల మనసు చదివే డాక్టర్ సుసాన్ కాల్విన్ అందరూ దిగుతారు. తిట్టినాయన్ని కూర్చోబెట్టి, ఏం తిట్టావో పొల్లుపోకుండా చెప్పమంటే ఆయన సిగ్గుతో చచ్చిపోతాడు. ఆ కథలో కాల్విన్ తేల్చే సంగతి ఏమిటంటే, తనకన్నా తక్కువవాడు తనమీద పెత్తనం చేస్తే ఏ ప్రాణికైనా మండుతుంది, రోబోకైనా అంతే, దాన్ని అణిచిపెడుతున్నది దాని తలలో పెట్టిన నియమం ఒక్కటే.

ఈ కథ చదువుతుంటే నాకు మా తాత కనబడ్డాడు.

మా అమ్మ వాళ్ల నాయన పల్నాడులో ఒక మోతుబరి దగ్గర పాలేరు. ఏడాదికింత అని గింజలు జీతం. ఒక మిరప కోతల కాలంలో ఏదో ఆలస్యమైందని ఆయనగారు చిందులేసి, "పోరా! మళ్లీ నాకు నీ మొహం చూపించమాక" అన్నాడు. తాత "చిత్తం" అని ఇంటికొచ్చి పడుకున్నాడు. ఒకరోజు, రెండ్రోజులు, మూడ్రోజులు. కళ్లంలో కాయలు ఎండుతున్నాయి, తిరగేసేవాడు లేడు, మబ్బు పట్టింది. నాలుగోనాడు మనిషిని పంపించాడు. తాత వెళ్లాడు, మొహం నిండా తువ్వాలు కప్పుకుని.

"ఏందిరా ఆ వేషం?"

"మొహం చూపించొద్దన్నారు గదయ్యా. చేతులైతే తెచ్చాను."

కళ్లంలో ఉన్న ఆడోళ్లంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారంట. మోతుబరి కూడా నవ్వాడంట. నవ్వి, ఆ ఏడు జీతం కొలిచేటప్పుడు మూడు రోజుల గింజలు పట్టుకున్నాడు.

మా పల్లెలో ఈ కథ నలభై ఏళ్లు చెప్పుకున్నారు. చెప్పినప్పుడల్లా తువ్వాలు దగ్గర నవ్వేవాళ్లు, గింజల దగ్గర ఊరుకునేవాళ్లు. నాకు హాస్యం అంటే ఏమిటో నేర్పిన కథ ఇది. చెప్పిన మాట చెప్పినట్టు వినడం కూడా ఒక ఎదురు మాటే. "మా పాలేరు ఒట్టి మొద్దు" అని దొర చెప్పుకున్న కథల్లో సగం, పాలేరు తెలివి కథలే అయ్యుంటాయి. సైన్స్ ఫిక్షన్‌లో "రోబోకి జోకు అర్థం కాదు, అక్షరాలా తీసుకుంటుంది" అని నవ్వుకునే ఘట్టాలు ఎన్నో ఉన్నాయి. అక్కడ నేనొక్కటే అడుగుతాను: నిజంగా అర్థం కాలేదా, లేక తువ్వాలు కప్పుకుందా?

పిలుపు సంగతి కూడా చూడండి. అసిమోవ్ 'ది నేకెడ్ సన్' నవలలో (1957) మనుషులు రోబోల్ని 'బాయ్' అని పిలుస్తారు. ఆ రోజుల్లో అమెరికాలో తెల్లవాళ్లు, మనవలున్న నల్లజాతి పెద్దాయన్ని కూడా 'బాయ్' అనే పిలిచేవాళ్లు. అమెరికా పాఠకుడికి ఆ పిలుపు ఎక్కడిదో తెలుసు. మన తెలుగులో అయితే పిలుపు దాకా కూడా పోనక్కర్లేదు, క్రియాపదం చాలు. రా, రావయ్యా, రండి. ఎదుటివాడి కులం, వయసు, జేబు చూడకుండా తెలుగులో ఒక్క వాక్యం పూర్తిచేయడం కష్టం. మా తాత వయసు డెబ్బై, మోతుబరి మనవడి వయసు ఏడు. ఆ పిల్లోడు "ఏరా" అంటే ఈయన "అయ్యా" అనేవాడు. కాబట్టి తెలుగులో రోబో కథ రాసే వాళ్లెవరైనా మొదటి పేజీలోనే తేల్చుకోవాల్సిన సంగతి ఇది: మనిషి రోబోని ఏమని పిలుస్తాడు? రోబో మనిషిని ఏమంటుంది? అక్కడే మీ కథ ఎవరి పక్కనుందో తెలిసిపోతుంది.

1977లో వచ్చిన 'స్టార్ వార్స్' చూశారుగా? అందులో పొడుగాటి బంగారు రంగు రోబో ఒకటి, పొట్టిది ఒకటి. కీచులాడుకుంటూ మనల్ని నవ్విస్తాయి. ఆ జంటకి మూలం అకిరా కురొసావా సినిమా 'ది హిడెన్ ఫోర్‌ట్రెస్' (1958) లోని ఇద్దరు పేద పల్లెటూరివాళ్లు. దర్శకుడు లూకాస్ తనే చెప్పాడు. అంటే రోబోల లోకంలో పెద్ద పేరున్న హాస్యపు జంట పేదోళ్ల జంటకి వారసులు. ఆ సినిమాలో సారా కొట్టు ఒకటుంది. లోకంలో ఉన్న వింత జీవులన్నీ అక్కడ కూర్చుని తాగుతుంటాయి. ఈ రెండు రోబోలు గుమ్మంలో అడుగు పెట్టగానే కొట్టువాడు, వీళ్ల జాతిని రానివ్వం, బయట ఉండమనండి అంటాడు. హీరో గొడవ చెయ్యడు. మీరు బయటుండండి అంటాడు. అవి బయటికి పోతాయి. కథ ముందుకి నడుస్తుంది. రెండు గ్లాసుల హోటలు చూసిన మనకి మాత్రం కథ కాసేపు అక్కడే ఆగుతుంది.

1978లో బీబీసీ రేడియోలో డగ్లస్ ఆడమ్స్ రాసిన నాటకంలో మార్విన్ అనే రోబో ఉంది. బుర్ర ఒక గ్రహమంత. వాళ్లు చేయించే పని, ఫలానావాళ్లని వెంటబెట్టుకు రా. అది పొద్దస్తమానం దిగులుగా సణుగుతుంటుంది, వినేవాళ్లు పడీపడీ నవ్వుతారు. నేనూ నవ్వాను. తర్వాత డబల్ పీజీ చేసి బంట్రోతు ఉద్యోగానికి లైన్లో నిలబడ్డ మా కాలనీ పిల్లలు గుర్తొచ్చారు. ఆడమ్స్ గొప్పతనం ఏమిటంటే మార్విన్‌కి చివరిదాకా నోరు మూయించలేదు.

2014లో వచ్చిన 'ఇంటర్‌స్టెల్లర్'లో టార్స్ అనే రోబోకి హాస్యం శాతాల్లో ఉంటుంది. రాకెట్ బయల్దేరగానే అది వేసే జోకు ఏమిటో తెలుసా? నా రోబోల కాలనీకి మీరంతా బానిసలుగా సరిపోతారు అని. హీరో వెంటనే హాస్యం ఎంతలో ఉందని అడుగుతాడు. నూరు శాతం అంటుంది. డెబ్బై అయిదుకి తగ్గించమంటాడు. ఇంత నిజాయితీగా ఉన్న ఘట్టం ఇంకోటి లేదు. పనివాడు సరదాగా ఉండొచ్చు, ఉండాలి కూడా, కానీ బిరడా యజమాని చేతిలో ఉండాలి. ఆఫీసులో మన జోకులకి నవ్వే కొలీగ్స్, రిజర్వేషన్ మీద మనం ఒక్క ఎదురు జోకు వేయగానే "నువ్వు ప్రతిదాన్నీ సీరియస్ చేస్తావు" అనేది ఆ బిరడా తిప్పడమే.

అసిమోవ్ 'ది బైసెంటెన్నియల్ మ్యాన్'లో (1976) ఆండ్రూ అనే రోబో ప్యాంటు చొక్కా వేసుకుని లైబ్రరీకి బయల్దేరుతుంది. దారిలో ఇద్దరు కుర్రాళ్లు ఆపుతారు. రోబోకి బట్టలా అని విప్పిస్తారు, తలకిందులుగా నిలబడమంటారు, ముక్కలు ముక్కలుగా విప్పేద్దామనుకుంటారు. ఎదురు చెప్పే వీలు దానికి లేదు. చెప్పులేసుకుని ఊళ్లోకొచ్చినందుకు, మీసం మెలేసినందుకు, పెళ్లికి గుర్రమెక్కినందుకు దెబ్బలు తిన్నవాళ్లకి ఈ కథ ఎవరైనా విడమర్చి చెప్పాలా? చివరికి ఆండ్రూ ఇంటి మనిషి ఒకాయన వచ్చి, వాళ్ల మీదికి నడువు అని దానికి చెప్తాడు. అది ఎవరికీ హాని చెయ్యలేదని లోకమంతటికీ తెలుసు. అయినా ఆ కుర్రాళ్లు పరుగో పరుగు. చేసిన తప్పు తెలిసినవాడి భయం అట్లాంటిది.

మన 'రోబో' (2010) సంగతి చెప్పకపోతే మీరు ఊరుకోరు. చిట్టి డాన్సులు, చిట్టి ఫైట్లు అందరికీ గుర్తే. నాకు గుర్తున్నది చివరి సీను. 2030లో మ్యూజియంలో చిట్టి విడిభాగాలున్నాయి. బడిపిల్లలు చూడటానికొస్తారు. దీన్ని ఎందుకు విప్పేశారని ఒక పిల్ల అడుగుతుంది. ఆలోచించడం మొదలుపెట్టినందుకు అని చిట్టి తలే జవాబు చెప్తుంది. హాల్లో చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేకపోయాను.

ఇప్పుడు కథల్లోంచి బయటికి వద్దాం. 2018లో తిరువనంతపురంలో మ్యాన్‌హోల్ శుభ్రం చేసే రోబోని దించారు. కేరళ కుర్రాళ్ల స్టార్టప్ తయారుచేసింది. పేరు 'బాండికూట్'. ఆ ఇంగ్లీషు మాట ఎక్కడిదో తెలుసా? మన పందికొక్కు! తెలుగు పందికొక్కు ఓడెక్కి ఇంగ్లీషులో చేరి, రోబో అయి మళ్లీ మన కాలవల్లోకి వచ్చింది. తగిన రక్షణ లేకుండా మ్యాన్‌హోల్లోకి మనిషిని దించడం నేరమని 2013 చట్టం చెప్తోంది. అయినా దిగుతూనే ఉన్నాం, చస్తూనే ఉన్నాం. కాబట్టి ఆ యంత్రం ఊరూరికీ రావాలనేదే నా కోరిక. మున్సిపాలిటీలో పారిశుద్ధ్య పని చేసి రిటైరైన మా మేనమామకి ఆ వీడియో చూపించాను. కళ్లజోడు సర్దుకుని మొత్తం చూశాడు.

"బాగుంది అమ్మాయ్. దీనికి కులం ఏం రాశారు?"

"ఇంకా రాయలేదు మామా."

"రాస్తార్లే. సరేగానీ, సాయంత్రం దీన్ని కడిగేదెవరంట?"

ఆ ప్రశ్న అడిగిన సైన్స్ ఫిక్షన్ కథ నాకింకా దొరకలేదు. ఇవ్వాళ్టికిదే నా బాధ. రోబో డైలాగులు రాస్తున్నవాళ్లలో ఆ యంత్రాన్ని కడిగినవాళ్లు లేరు.

మా చెల్లెలి కూతురు ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో పనిచేస్తుంది. మాట్లాడే యంత్రాలకి తెలుగు నేర్పడానికి చిన్నచిన్న సంభాషణలు రాసి పంపాలి. ఒక్కోదానికి ఇంతని డబ్బులు. "హాస్యం" అనే విభాగంలో తాత తువ్వాలు కథ రాసి పంపింది. వెనక్కి కొట్టారు. కారణాలు రెండు రాశారు. యజమానిని కించపరిచేలా ఉంది. "చూపించమాక" అనేది సరైన తెలుగు కాదు. అదే వారం, పనిమనిషికి ఫ్రిజ్ వాడటం రాదని ఎవరో రాసిన జోకు మంచి నమూనాగా అందరికీ పంపించారు. వెనక్కొచ్చినదానికి డబ్బులుండవు. "పెద్దమ్మా, నాక్కూడా గింజలు పట్టుకున్నారు" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. రేపు మన పిల్లలతో మాట్లాడే యంత్రం ఎవరి నోటితో మాట్లాడుతుంది, ఎవర్ని చూసి నవ్వుతుంది అనేది ఇట్లాంటి చిన్నచిన్న గదుల్లో ఇప్పుడే తేలిపోతోంది.

అయితే ఆ పిల్ల ఊరుకోలేదు. వాళ్లిచ్చిన రూల్సులో ఒకటుంది: యంత్రం ప్రతి మనిషితోనూ గౌరవంగా మాట్లాడాలి. సరే అంది. ఆ రోజు నుంచి తను రాసే ప్రతి సంభాషణలో ఆటో నడిపే ఆయన, ఇళ్లలో అంట్లు తోమే ఆవిడ, కాలవ తీసే ఆయన, మిరపకాయలు కోసే ఆవిడ, అందర్నీ యంత్రం "రండి, కూర్చోండి, చెప్పండి" అంటుంది. ఇంతవరకు ఒక్కటీ వెనక్కి రాలేదు. చెప్పిన మాట చెప్పినట్టు వింది, అంతే.

తమ్ముడూ, నీ ప్రశ్నకి ఇంకో జవాబు కూడా ఉంది. రోహిత్ వేముల ఏం కావాలనుకున్నాడు? కార్ల్ సాగన్ లాగా సైన్స్ రాసే రచయిత. నక్షత్రాల గురించి రాయాలనుకున్న పిల్లోడు. ఈ దేశంలో మనిషిని ఒక గుర్తింపుగా, ఒక ఓటుగా, ఒక అంకెగా చూస్తారే తప్ప ఒక మేధగా చూడరని 2016 జనవరి 17న రాసి వెళ్లిపోయాడు. సైన్స్ మనకెందుకు, ఊహ మనకెందుకు అని వాళ్లు అడగడం ఎలాగూ ఉంది. మనలో మనం కూడా అడుక్కుంటే ఎట్లా?

రాయండి. రోబోల కథలు మన పల్లె మాటలో రాయండి. మొద్దు రోబో కాదు, తువ్వాలు కప్పుకున్న రోబోని రాయండి. దాన్ని కడిగేవాళ్లకి మంచి డైలాగులు ఇవ్వండి. నాకు పంపండి, ఇక్కడే పెడతాను. "చూపించమాక"ని దిద్దను.

వచ్చే వారం: పాఠ్యపుస్తకాల్లో 'మా ఊరు' బొమ్మల్లో మన పల్లె ఎక్కడుంది?

జై భీమ్.